పరీక్షలకు అందని పేగు బాధ: ఐబీఎస్‌పై ఒక సమీక్ష

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐబీఎస్, పేగుల నిర్మాణం చెక్కుచెదరకుండా ఉండి పనితీరు మాత్రం గాడి తప్పిన స్థితి. పేగు గోడలో పుండు గాని, వాపు గాని, గడ్డ గాని ఉండవు. అయినా కడుపులో నొప్పి వస్తుంది, ఆ నొప్పి మలవిసర్జనతో ముడిపడి ఉంటుంది, విరేచనాలో మలబద్ధకమో లేక రెండూ మార్చి మార్చి వేధిస్తాయి, కడుపు ఉబ్బరిస్తుంది. అన్నీ బాగున్నాయని చెప్పే రిపోర్టులతో ఇంటికి వచ్చిన మనిషికి మర్నాడు పొద్దున మళ్లీ అదే బాధ మొదలవుతుంది. పరీక్షల్లో ఏమీ కనిపించలేదు కాబట్టి జబ్బే లేదని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వైద్యులు కూడా తేల్చేయడం వల్ల ఈ రోగులు పడే వేదన జబ్బు పెట్టే బాధకు ఏమాత్రం తీసిపోదు. ఐబీఎస్‌కు తనవైన లక్షణాలు ఉన్నాయనీ, వాటిని బట్టి దాన్ని నేరుగా గుర్తించవచ్చుననీ, అలా గుర్తించి రోగికి అర్థమయ్యేలా వివరించడంతోనే చికిత్స మొదలవుతుందనీ గత ఆరు దశాబ్దాల పరిశోధన చూపుతోంది. ఈ సమీక్ష ఆ పరిశోధన సారాన్ని తెలుగువారి తిండికీ, ఇక్కడి వైద్యపు అలవాట్లకూ అన్వయించి పరిశీలిస్తుంది.

ఇటువంటి బాధలు ప్రాచీన వైద్యులకు తెలియనివి కావు. చరక సంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణీ రోగానికి సంబంధించినది. మలం ఒకసారి గట్టిగా, ఒకసారి పలుచగా పోవడం గురించి, అందులో మజ్జిగకు ఉన్న గుణం గురించి అక్కడ చెప్పిన విషయాలు ఈనాటి రోగికి కూడా తన కథలాగే తోస్తాయి. అయితే నేడు వేర్వేరుగా గుర్తించే పోషకాహార శోషణ లోపాలు, దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్లు కూడా ఆ ఒక్క శీర్షిక కిందికే వచ్చే అవకాశం ఉన్నందున గ్రహణి అంటే ఐబీఎస్సేనని సమీకరించడం తగదు. ఆధునిక వైద్యంలో ఈ స్థితికి స్పష్టమైన రూపురేఖలు ఇచ్చినవారు ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన చౌధరి, ట్రూలవ్. వారు 1962లో 130 మంది రోగుల వివరాలను క్రోడీకరించి, కొందరిలో ఈ బాధ రక్తవిరేచనాలు తగ్గిన తరువాత మొదలైందని అప్పుడే గమనించారు. 1978లో బ్రిటన్‌లోనే మానింగ్ బృందం మరో మెట్టు ఎక్కింది. మలవిసర్జన తరువాత నొప్పి తగ్గడం, నొప్పి మొదలైనప్పుడు మలం పలుచబడడం, ఎక్కువసార్లు వెళ్లాల్సి రావడం, కడుపు ఉబ్బడం, జిగురు పడడం, వెళ్లివచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం అనే ఆరు లక్షణాలు ఈ జబ్బులోనే ఎక్కువగా కలిసి కనిపిస్తాయని ఆ బృందం చూపింది. రోగి చెప్పే మాటలే నిర్ధారణకు ఆధారం కాగలవన్న నమ్మకానికి పునాది అక్కడ పడింది.

ఆ పునాది మీద కట్టినవే రోమ్ ప్రమాణాలు. అంతర్జాతీయ నిపుణులు పలు దఫాలుగా సవరించిన ఈ ప్రమాణాల నాలుగవ రూపం 2016లో వెలువడింది. దాని ప్రకారం గత మూడు నెలలుగా సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి వస్తూ ఉండాలి. ఆ నొప్పి మలవిసర్జనకు సంబంధించినది కావడం, ఎన్నిసార్లు వెళుతున్నారన్న దానిలో మార్పు రావడం, మలం రూపంలో మార్పు రావడం అనే మూడింటిలో కనీసం రెండు ఉండాలి. లక్షణాలు మొదలై కనీసం ఆరు నెలలు గడిచి ఉండాలి. మలం రూపాన్ని చెప్పడానికి 1997లో ప్రచురితమైన బ్రిస్టల్ పట్టికను వాడతారు. మేకపెంటికల్లాంటి గట్టి ఉండలు మొదటి రకం, పూర్తిగా నీళ్లలా పోయేది ఏడవ రకం. నడుమ ఐదు మెట్లు ఉంటాయి. ఏ రకం ఎక్కువగా కనిపిస్తుందన్న దాన్ని బట్టి జబ్బును మలబద్ధకం ప్రధానమైనది, విరేచనాలు ప్రధానమైనది, రెండూ కలిసినది, ఏ కోవకూ చెందనిది అని విభజిస్తారు. మందుల ఎంపిక చాలావరకు ఈ విభజన మీదే ఆధారపడుతుంది కాబట్టి, మొగమాటం పక్కనపెట్టి మలం ఎలా ఉందో వైద్యుడికి చెప్పడం, వైద్యుడు ఆ పట్టికను రోగి చేతికిచ్చి అడగడం ఎంతో మేలు.

పాశ్చాత్య దేశాల కొలతలు ఇక్కడ యథాతథంగా సరిపోవు. రోజుకు ఒకసారి, రెండుసార్లు వెళ్లడం మన దేశంలో సర్వసాధారణం. వారానికి మూడుసార్ల కంటే తక్కువైతేనే మలబద్ధకం అనే పడమటి లెక్కను ఇక్కడ వర్తింపజేస్తే, రోజూ వెళుతూ కూడా గట్టి మలంతో గంటసేపు అవస్థపడే మనిషి ఆరోగ్యవంతుల జాబితాలో చేరిపోతాడు. ఆసియా దేశాల రోగులలో నొప్పి కంటే ఉబ్బరమే ముందుకు వస్తుందని, నొప్పి కూడా బొడ్డుకు పైభాగాన ఉండి తిండితో ముడిపడి ఉంటుందని ఈ ప్రాంతపు నిపుణులు పదే పదే చెబుతూ వచ్చారు. తెలుగునాట "గ్యాస్ ట్రబుల్" అని చెప్పుకుని ఏళ్ల తరబడి ఆమ్లం తగ్గించే బిళ్లలు మింగేవారిలో ఐబీఎస్ రోగులు గణనీయంగా ఉంటారన్నది దీన్నుంచి సహజంగా వచ్చే అనుమానం. ఆ బిళ్లలు జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించగలవు గాని పెద్దపేగు కదలికను సరిదిద్దలేవు.

ఎంతమందికి ఈ జబ్బు ఉందన్న ప్రశ్నకు జవాబు ఏ ప్రమాణంతో కొలిచారన్న దాన్ని బట్టి మారుతుంది. 33 దేశాలలో జరిగి 2021లో ప్రచురితమైన అధ్యయనంలో, 2016 నాటి ప్రమాణాలతో ఇంటర్నెట్ ద్వారా అడిగినప్పుడు సుమారు 4 శాతం మందిలో ఐబీఎస్ తేలింది; అంతకుముందరి ప్రమాణాలతో లెక్కిస్తే ఆ సంఖ్య రెట్టింపును మించింది. భారత జీర్ణకోశ వైద్యుల సంఘం కార్యదళం 2008లో ప్రచురించిన సర్వేలో సాధారణ ప్రజలలో 4.2 శాతం మందికి ఈ లక్షణాలు ఉన్నట్లు వెల్లడైంది. పాశ్చాత్య దేశాలలో స్త్రీలలోనే ఈ జబ్బును ఎక్కువగా గుర్తిస్తుండగా భారతదేశపు ఆసుపత్రులలో పురుషుల సంఖ్యే ఎక్కువగా కనిపిస్తుంది. మగవారికే జబ్బు ఎక్కువని దీనికి అర్థం చెప్పుకోవడం కంటే, ఇటువంటి బాధను ఆసుపత్రి దాకా తెచ్చుకునే వీలు ఆడవారికి తక్కువని అనుకోవడమే సమంజసం.

పుండు లేని పేగు ఎందుకు నొప్పి పెడుతుందన్నది ఈ శాస్త్రానికి కేంద్రమైన ప్రశ్న. అన్నవాహిక నుంచి మలద్వారం దాకా జీర్ణనాళం గోడలలో కోట్ల సంఖ్యలో నాడీకణాలు అల్లుకుని ఉంటాయి. మెదడు ఆజ్ఞ లేకుండానే కదలికలను, స్రావాలను నడపగల ఈ అల్లికను పేగు నాడీవ్యవస్థ అంటారు. నాడుల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనంలో 90 శాతానికి పైగా శరీరం తయారుచేసుకునేది, నిల్వ చేసుకునేది పేగులలోనే. ఈ వ్యవస్థకూ మెదడుకూ నడుమ నిరంతరం రెండువైపులా వార్తలు నడుస్తుంటాయి. ఐబీఎస్‌లో ఆ వార్తల తీవ్రత పెరిగిపోతుందనడానికి తొలి ఆధారాలలో ఒకదాన్ని 1973లో రిచీ అనే పరిశోధకుడు చూపాడు. పెద్దపేగు చివరి భాగంలోకి చిన్న బుడగను పంపి కొద్దికొద్దిగా ఉబ్బించినప్పుడు, 60 మిల్లీలీటర్ల దగ్గర ఆరోగ్యవంతులలో ఏ కొద్దిమందికో తప్ప నొప్పి తెలియలేదు. ఐబీఎస్ రోగులలో మాత్రం సగం మందికి పైగా నొప్పి అన్నారు. లోపలి అవయవాలు మామూలు ఒత్తిడిని కూడా నొప్పిగా గ్రహించే ఈ స్థితికి విసెరల్ హైపర్‌సెన్సిటివిటీ అని పేరు. రోగి నొప్పిని ఊహించుకుంటున్నాడన్న అపవాదుకు ఆ బుడగ ప్రయోగం గట్టి జవాబు.

మనసు పేగును కదిలిస్తుందన్నది కూడా ప్రయోగాలలో తేలిన విషయమే. న్యూయార్క్‌లో థామస్ ఆల్మీ 1940లలో చేసిన పరిశీలనలలో ఒకటి ఈనాటి నైతిక నియమాల ప్రకారం ఎవరూ అనుమతించనిది: స్వచ్ఛందంగా పేగు పరీక్షకు ఒప్పుకున్న ఒక విద్యార్థి వింటుండగానే అతనికి క్యాన్సర్ ఉన్నట్లు వైద్యులు మాట్లాడుకోగా, పరికరంలోంచి చూస్తుండగానే అతని పేగు బిగుసుకుపోయింది, అదంతా ప్రయోగమని చెప్పిన తరువాత సడలింది. ఆ విద్యార్థికి ఏ మానసిక రోగమూ లేదు. ఆందోళన ఎవరి పేగునైనా బిగిస్తుంది. ఐబీఎస్ ఉన్నవారిలో అది ఎక్కువగా, ఎక్కువకాలం బిగిస్తుంది. అందువల్ల టెన్షన్ వల్లే వస్తోందని రోగిని తప్పుపట్టడం ఎంత అన్యాయమో, టెన్షన్‌కు దీనితో సంబంధమే లేదని కొట్టిపారేయడం అంత అశాస్త్రీయం. 2021లో వెలువడిన విస్తృత జన్యు అధ్యయనం 53 వేలకు పైగా ఐబీఎస్ రోగుల జన్యువులను పరిశీలించి, ఈ జబ్బుకూ ఆందోళన, కుంగుబాటు వంటి స్థితులకూ కొన్ని జన్యుమూలాలు ఉమ్మడిగా ఉన్నాయని చూపింది. ఒకటి రెండోదానికి కారణమని చెప్పడానికి అది చాలదు; రెండూ ఒకే నాడీ నేపథ్యం నుంచి పుట్టవచ్చునని అది సూచిస్తుంది.

పేగు ఇన్ఫెక్షన్ తరువాత వచ్చే ఐబీఎస్‌కు ప్రత్యేక శ్రద్ధ అవసరం, ఎందుకంటే కలుషిత నీటితో ఏటా వానాకాలంలో వాంతులు విరేచనాలు ప్రబలే ప్రాంతాలకు ఇది నేరుగా వర్తిస్తుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్టణంలో 2000 మే నెలలో భారీ వర్షాలకు పశువుల పేడ కొట్టుకొచ్చి తాగునీటి బావిలో కలిసింది. క్లోరిన్ సరిగా కలపకపోవడంతో ఈ-కోలై, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియాలు ఊరంతటికీ పాకి 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఆ పట్టణవాసులను పరిశోధకులు ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. రెండు మూడేళ్ల తరువాత విరేచనాలు వచ్చి తగ్గినవారిలో సుమారు 36 శాతం మందిలో ఐబీఎస్ లక్షణాలు కనిపించగా, జబ్బుపడనివారిలో ఆ సంఖ్య 10 శాతం. ఎనిమిదేళ్లకు మొదటి సంఖ్య 15 శాతం దగ్గరికి దిగివచ్చింది. ఇన్ఫెక్షన్ తగ్గినా పేగు గోడలో సన్నని ప్రతిస్పందన మిగిలిపోతుందని, నాడుల దగ్గర మాస్ట్ కణాలనే రక్షణకణాలు గుమిగూడి రసాయనాలు వదులుతుంటాయని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2021లో ఇంకొక అడుగు ముందుకు వేశారు: ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో తిన్న ఆహారపు ప్రోటీన్లను పేగు శత్రువులుగా గుర్తుపెట్టుకుని, ఇన్ఫెక్షన్ పోయిన తరువాత కూడా అవి తగిలినప్పుడల్లా ఆ చోటుకే పరిమితమైన అలెర్జీ ప్రతిస్పందన చూపవచ్చునని వారు ఎలుకలలో నిరూపించి, రోగులలో కూడా దాని జాడలు కనుగొన్నారు. మామూలు అలెర్జీ పరీక్షల్లో ఇది బయటపడదు. ఫలానాది తింటే పడదు అని రోగి అన్నప్పుడు నమ్మడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

పేగులోని సూక్ష్మజీవుల కూర్పు మారడం, చిన్నపేగులో బాక్టీరియా పెరగడం, పిత్తరసపు లవణాలు సరిగా పీల్చుకోబడక పెద్దపేగులోకి చేరి విరేచనాలు కలిగించడం అనే కారణాలు కూడా వేర్వేరు రోగులలో వేర్వేరు పాళ్లలో పనిచేస్తాయి. విరేచనాలు ప్రధానంగా ఉన్నవారిలో సుమారు నాలుగోవంతు మందికి ఈ పిత్తలవణాల సమస్య ఉంటుందని, దానికి వేరే మందు ఉందని చాలాచోట్ల గుర్తించరు. ఒక్క పేరు కింద ఇన్ని మూలకారణాలు ఉన్నందువల్లనే ఒకరికి అమృతంలా పనిచేసిన మందు మరొకరికి ఏమీ చేయదు.

నిర్ధారణ విషయానికి వస్తే, లక్షణాలు ప్రమాణాలకు సరిపోతూ, ప్రమాద సంకేతాలు లేకపోతే కొద్దిపాటి పరీక్షలు చాలు: రక్తకణాల లెక్క, వాపును సూచించే సీఆర్‌పీ, విరేచనాలు ఉన్నవారికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష. ఈ చివరిది గోధుమ ప్రధానాహారమైన ఉత్తరాదిలో ముఖ్యమైనది. దేశంలో మూడు ప్రాంతాలను పోల్చిన ఒక అధ్యయనంలో ఆ జబ్బు ఉత్తరాన 1 శాతాన్ని దాటగా దక్షిణాన 0.1 శాతమే ఉంది. మలంలో రక్తం పడడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, కడుపులో గడ్డ తగలడం, 45, 50 ఏళ్ల తరువాత తొలిసారిగా లక్షణాలు మొదలవడం, దగ్గరి రక్తసంబంధీకులలో పేగు క్యాన్సర్ ఉండడం వంటివి ఉన్నప్పుడు మాత్రం ఐబీఎస్ అని ఊరుకోవడం ప్రమాదకరం. కొలనోస్కోపీ వెంటనే చేయాలి. మన దేశంలో పేగు క్షయ ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన జబ్బు. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట అది ఎక్కువగా వస్తుంది. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కుడివైపు కింది భాగంలో నొప్పి కనిపిస్తే దాన్ని తోసిపుచ్చకుండా మరో పేరు పెట్టకూడదు.

ఈ జాగ్రత్త ఒకవైపు ఉండగా, రెండోవైపు అక్కరలేని పరీక్షలు, మందులు పెద్ద బెడద. జిగురు పడగానే అమీబా అని తీర్మానించి మెట్రోనిడజోల్ కోర్సులు మళ్లీ మళ్లీ రాయడం పల్లెలలో, పట్టణాలలో ఇప్పటికీ నడుస్తున్న అలవాటు. పేగు సూక్ష్మజీవులను అతలాకుతలం చేసే ఈ యాంటీబయాటిక్ ఐబీఎస్ రోగికి మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. స్కానింగ్‌లో యాదృచ్ఛికంగా కనిపించిన పిత్తాశయపు రాయిని ఈ నొప్పికి కారణంగా భావించి పిత్తాశయం తీసేయించుకున్నవారు, ఆడవారైతే గర్భసంచి తీయించుకున్నవారు ఐబీఎస్ రోగులలో మామూలు కంటే ఎక్కువ అని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపాయి. చిన్న వయసులోనే గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు విరివిగా జరిగిన ఆంధ్ర, తెలంగాణ జిల్లాలలో ఈ విషయం ఎంతో ఆందోళనతో ఆలోచించవలసినది. ఏ అవయవం తీసినా ఐబీఎస్ నొప్పి పోదు.

ఆహారమే రోగులు మొదట అడిగే విషయం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005 ప్రాంతంలో ఫాడ్‌మ్యాప్ అనే భావనను ప్రవేశపెట్టారు. చిన్నపేగు సరిగా పీల్చుకోలేని, పెద్దపేగులో బాక్టీరియా పులియబెట్టే కొన్ని పిండిపదార్థాలకు అది ఉమ్మడి పేరు: ఉల్లి, వెల్లుల్లి, గోధుమలలోని ఫ్రక్టాన్లు, పప్పుధాన్యాలలోని గలాక్టాన్లు, పాలలోని లాక్టోజ్, మామిడి, తేనె వంటి వాటిలో మోతాదు మించిన ఫ్రక్టోజ్, కాలీఫ్లవర్, పుట్టగొడుగులలోని చక్కెర ఆల్కహాల్లు. ఇవి పేగులోకి నీటిని లాగుతాయి, వాయువును పుట్టిస్తాయి. నాటింగ్‌హామ్ పరిశోధకులు ఎంఆర్ఐ స్కాన్లతో చూసినప్పుడు, ఫ్రక్టాన్ తాగినవారిలో ఐబీఎస్ ఉన్నా లేకున్నా దాదాపు ఒకే పరిమాణంలో వాయువు చేరింది. బాధ మాత్రం రోగులకే ఎక్కువ కలిగింది. అంటే ఆహారం తప్పుడుది కాదు, పేగు గ్రహించే తీరు వేరు. రోగి తన వంటింటిని శత్రువుగా చూడనవసరం లేదని ఈ ఒక్క పరిశీలన చెబుతుంది.

తెలుగు భోజనానికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది: మన ప్రధానాహారమైన వరిబియ్యపు పిండిపదార్థం చిన్నపేగులోనే దాదాపు పూర్తిగా జీర్ణమై అతితక్కువ వాయువును పుట్టిస్తుంది. జొన్నరొట్టె కూడా చాలామందికి పడుతుంది. చిక్కంతా పక్కన వడ్డించేవాటిలో ఉంది. కందిపప్పు, శనగలు, అలసందలు, రాజ్మా వంటివి నానబెట్టి ఆ నీళ్లు వంపేసి వండితే గలాక్టాన్లు కొంత తగ్గుతాయి. పెసరపప్పు కొద్ది మోతాదులో చాలామందికి సులువుగా అరుగుతుంది. వెల్లుల్లి విషయంలో రసాయనశాస్త్రం ఒక ఉపాయం చెబుతుంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. తాలింపు నూనెలో వెల్లుల్లి రెబ్బలను వేయించి వాటిని తీసేస్తే వాసన నూనెలో నిలిచిపోతుంది, ఫ్రక్టాన్లు రెబ్బలతోనే పోతాయి. చారులోనో పులుసులోనో ఉడికించిన వెల్లుల్లిని, ఉల్లిని ఏరి పారేసినా ఫ్రక్టాన్లు అప్పటికే రసంలోకి దిగిపోయి ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి మానేసిన కొద్దివారాలు ఇంగువ తాలింపు ఆ లోటును చాలావరకు తీరుస్తుంది. దక్షిణాదివారిలో పెద్దయ్యాక లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తగ్గిపోయినవారే అధికం కాబట్టి పొద్దున గ్లాసెడు పాలు పడనివారికి పులిసిన పెరుగు, మజ్జిగ పడడం తరచుగా కనిపిస్తుంది. ఇక కారం: విరేచనాలు ప్రధానంగా ఉన్న రోగులలో మిరపకాయ కడుపునొప్పిని, మంటను పెంచుతుందని థాయ్‌లాండ్‌లో జరిగిన పరిశోధన చూపింది. గుంటూరు కారంతో పెరిగినవారికి ఇది కఠినమైన మాటే అయినా, ఆవకాయను కొన్ని వారాలు పక్కనపెట్టి చూడడం ఖర్చులేని ప్రయోగం.

ఫాడ్‌మ్యాప్ పద్ధతిని చాలామంది పాటించే తీరులోనే తప్పు ఉంది. నాలుగు నుంచి ఆరు వారాలు మాత్రమే ఈ పదార్థాలు తగ్గించి, ఉపశమనం కనిపిస్తే ఒక్కొక్కదాన్ని మూడేసి రోజులపాటు తిరిగి తింటూ ఏది పడదో తేల్చుకుని, పడనిదాన్ని మాత్రమే తగ్గించుకోవడం దాని అసలు రూపం. ఇంటర్నెట్‌లో దొరికిన జాబితాను పట్టుకుని ఏళ్ల తరబడి పప్పు, పాలు, ఉల్లి, పండ్లు అన్నీ మానేసినవారు పోషకాలు అందక నీరసిస్తారు. శాకాహారి పప్పునూ పాలనూ ఒకేసారి వదిలితే ప్రోటీన్‌కు మిగిలేది చాలా తక్కువ. పైగా 2015లో స్వీడన్‌లో జరిగిన పోలికలో, వేళకు తినడం, ఒకేసారి ఎక్కువ తినకపోవడం, నూనె, కాఫీ, ఉబ్బరం కలిగించే కూరలు తగ్గించడం అనే పాత సలహాలు కూడా ఫాడ్‌మ్యాప్ పద్ధతితో సమానంగా మేలు చేశాయి. కాబట్టి ముందు సులువైనది చేసి, చాలకపోతేనే కఠినమైనదానికి, అది కూడా డైటీషియన్ సాయంతో, వెళ్లడం వివేకం. పీచు విషయంలోనూ ఒక భేదం పాటించాలి. నెదర్లాండ్స్‌లో 275 మందితో జరిగి 2009లో వెలువడిన ప్రయోగంలో నీటిలో జిగురుగా కరిగే ఇసబ్‌గోల్ పొట్టు ఉపశమనం ఇవ్వగా, గోధుమ తవుడు ఇవ్వలేదు. చవకగా ప్రతి మందులషాపులో దొరికే ఇసబ్‌గోల్‌ను కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, తగినన్ని నీళ్లతో, నెమ్మదిగా పెంచుకోవాలి.

మందులు లక్షణాన్ని బట్టి ఎంచుకునేవి. పేగు కండరాల బిగుతు సడలించే మెబెవెరిన్ వంటివి, పుదీనా జాతి మొక్కల నుంచి తీసిన పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్లు నొప్పికి, లోపెరమైడ్ విరేచనాలకు, నీటిని పేగులోకి చేర్చే మందులు మలబద్ధకానికి. రిఫాక్సిమిన్ అనే, పేగులోనే ఉండిపోయే యాంటీబయాటిక్‌ను రెండు వారాలు వాడినప్పుడు సుమారు 41 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ల వాడినవారిలో 32 శాతం మందికి ఉపశమనం కలిగిందని 2011 నాటి ప్రయోగాలు తెలిపాయి. ప్రయోజనం నిజమే గాని స్వల్పం. నాడుల అతిస్పందనను తగ్గించే అమిట్రిప్టిలిన్‌ను రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇంగ్లండ్‌లో 463 మందిపై ఆరు నెలలు పరీక్షించి 2023లో ప్రచురించిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. కుంగుబాటుకు పెద్ద మోతాదులో వాడే మందు కాబట్టి దీన్ని చూసి రోగులు తమకు పిచ్చి అని ముద్ర వేశారని భయపడతారు. ఇక్కడ అది నొప్పిని మోసే నాడుల మీద పనిచేయడానికే ఇస్తున్నామని వైద్యుడు విడమరచి చెబితే ఆ భయం పోతుంది. క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిపిన కడుపునొప్పి బిళ్లలు మన మార్కెట్లో విరివిగా దొరుకుతాయి. అందులోనిది మత్తు కలిగించే మందు, అలవాటుపడితే మానడం కష్టం, అందువల్ల చీటీ లేకుండా నెలల తరబడి కొనుక్కుని వాడడం ప్రమాదం.

వైద్యుడి మాటకు, సమయానికి ఉన్న విలువను ఈ జబ్బులో కొలిచి చూశారు. హార్వర్డ్‌లో కాప్చుక్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో 262 మంది రోగులను మూడు భాగాలు చేశారు. ఒక భాగాన్ని వేచి ఉండమన్నారు; రెండవదానికి సూదులు గుచ్చినట్లు నటించే చికిత్సను మాటల్లేకుండా చేశారు; మూడవదానికి అదే నటనను, రోగితో ఆప్యాయంగా మాట్లాడి, విని, ధైర్యం చెబుతూ చేశారు. మూడు వారాలకు తగినంత ఉపశమనం కలిగిందన్నవారు వరుసగా 28, 44, 62 శాతం. ఏ మందూ లేకుండా ఇంత తేడా వచ్చింది. ఔట్‌పేషంట్ విభాగంలో రోగికి రెండు మూడు నిమిషాలు కూడా దక్కని చోట ఈ ఫలితం బాధ పెట్టేది. అయినా రోగి నివేదికలను బల్లమీద పెట్టి ఇది ప్రాణాంతకం కాదు, క్యాన్సర్‌గా మారదు, నొప్పి నిజం, దాని కారణం ఇది అని నాలుగు మాటలు చెప్పడానికి ఆ కొద్ది నిమిషాలు కూడా సరిపోతాయి.

మనసుకు సంబంధించిన చికిత్సలలో ఆలోచనా విధానాన్ని, భయాన్ని సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి, మాంచెస్టర్‌లో వోర్‌వెల్ 1984లో ప్రయోగాత్మకంగా నిరూపించిన పేగు హిప్నోథెరపీకి మంచి ఆధారాలు ఉన్నాయి. ఆ నిపుణులు మన ఊళ్లలో అరుదు. యోగా అందుబాటులో ఉన్నది. ఢిల్లీ ఎయిమ్స్‌లో విరేచనాలు ప్రధానంగా ఉన్న ఐబీఎస్ రోగులపై 2004లో వెలువడిన చిన్న ప్రయోగం మందుతో పోల్చదగిన ఫలితాన్ని ఇచ్చింది, కాకపోతే అందులో పాల్గొన్నవారు చాలా తక్కువ. శారీరక వ్యాయామం పెంచుకోవడం మేలు చేస్తుందని స్వీడన్‌లో జరిగిన మరో ప్రయోగం చెబుతోంది. నిద్ర మరో పార్శ్వం: మారే షిఫ్టుల్లో పనిచేసే నర్సులలో పగటి షిఫ్టువారి కంటే ఐబీఎస్ ఎక్కువగా కనిపించింది, కాబట్టి అమెరికా వేళలకు అనుగుణంగా రాత్రంతా పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులను అడిగేటప్పుడు తిండితోపాటు నిద్ర వేళలను కూడా అడగాలి.

జబ్బు ప్రాణం తీయదన్న మాట నిజమే అయినా అది జీవితాన్ని ఎంత కుదించగలదో తెలుసుకోవడానికి 2009లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ సర్వే చాలు: లక్షణాలు పూర్తిగా పోయే చికిత్స దొరికితే మిగిలిన ఆయుష్షులో సగటున 15 ఏళ్లు వదులుకుంటామని రోగులు చెప్పారు. బస్సు ఎక్కేముందు నీళ్లు తాగని ఆడవారు, పెళ్లికి వెళ్లి భోజనానికి కూర్చోనివారు, దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియనిదే ఇల్లు కదలనివారు ఆ సంఖ్య వెనుక ఉన్నారు. బస్టాండులో, బడిలో, కార్యాలయంలో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండడం ఈ రోగులకు మందుతో సమానమైన అవసరం. దానిని ఆరోగ్య విధానంలో భాగంగా ఎవరూ లెక్కించకపోవడం విచారకరం.

సరిగా నిర్ధారించిన తరువాత ఏళ్ల తరబడి గమనించినప్పుడు, కొందరిలో లక్షణాలు తగ్గుతాయి, ఎక్కువమందిలో పెరుగుతూ తగ్గుతూ కొనసాగుతాయి. తొలుత గుర్తించకుండా వదిలేసిన మరో పేగు జబ్బు తరువాత బయటపడేది 5 శాతం లోపు మందిలోనే. అందువల్ల ప్రతి ఏడాదీ కొలనోస్కోపీ చేయించుకోవలసిన పని లేదు. అయితే ఐబీఎస్ ఉన్న మనిషికి కూడా మిగిలిన అందరిలాగే కొత్త జబ్బులు రావచ్చు. 20 ఏళ్లుగా ఉన్న నొప్పి తీరు ఒక్కసారిగా మారినా, మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా, రాత్రి విరేచనాలకు మెలకువ వస్తున్నా అది పాత ఐబీఎస్సే అని సరిపెట్టుకోకుండా, కొత్త రోగిని చూసినట్లే మొదటి నుంచీ అడిగి, తిరిగి పరీక్షించాలి.